అరచేయంత జాగా

తోటపాళెంలో వేణుగోపాల్ టీ అంగడికాడ పొద్దున్నే పేపరు చదివేది ఒకరు, ఆ పేపరుకు తీర్పు చెప్పేది ఇంకొకరు. చదివేది అంగడాయన వేణుగోపాల్. తీర్పు చెప్పేది పెరియసామి మేస్త్రీ. పేపరేమో అరవంలో ఉంటాది, దాని మీద రచ్చంతా తెలుగులో నడుస్తాది. వేలూరులో ఇండ్లు కట్టే మన తెలుగోళ్ళంతా పనికి పొయ్యే ముందు ఆడ ఒక గ్లాసు టీ తాగి, పెరియసామి ఏమంటాడో విని, నవ్వుకుంటా పోవాల్సిందే. ఆయన రాని రోజు టీలో చక్కెర తక్కువయినట్టు ఉంటాదని అనేవాళ్ళు.

అప్పుడప్పుడే ఇంటింటికీ కేబుల్ టీవీ తీగలు లాగతా ఉండారు, సందుకొక ఎస్టీడీ బూతు లేస్తా ఉండాది. దాంతోబాటే పేపర్లో కూడా కొత్త రకం సంగతులు మొదలయినాయి. ఆకాశంలో ఓజోన్ అని ఒక దుప్పటి ఉండాదంట, దానికి బొక్క పడిందంట.

"ఎక్కి చూసినోడు ఎవురప్పా?" అన్నాడు పెరియసామి. "నిన్న నేను సన్‌షేడు పూసేదానికే నిచ్చెన చాల్లేదు."

మంచు కరిగి సముద్రం పైకి లేస్తాదంట, మద్రాసు మునిగిపోతాదంట అని వేణుగోపాల్ ఇంకోరోజు చదివినాడు. "రానీ. పాలార్లో నీళ్ళు చూసి ఎన్నేండ్లాయ. సముద్రమన్నా మన దాకా వస్తే మంచిదే కదా" అన్నాడు పెరియసామి. దక్షిణాన కొండల పక్కన గాలిమరలు పెట్టి కరెంటు తీస్తా ఉండారని చదివితే, "ఉండే గాలంతా వాళ్ళే వాడేసుకుంటే ఎండాకాలం మనకు ఆకు కదలతాదా?" అన్నాడు. ఎండతో అన్నం వండే పెట్టె వచ్చిందంటే, "వేలూరు ఎండకు పెట్టె కూడా దండగే, గిన్నె మిద్దె మీద పెట్టి దిగిరా" అన్నాడు. బెంచీల మీద కూసున్నోళ్ళు టీ ఒలకబోసుకునేవాళ్ళు.

మనిషి చెడ్డోడు కాదు. అడిగినోడికి లేదనడు, కూలోళ్ళను ఒక మాటనడు. కాకపోతే కంటితో చూడంది నమ్మడం ఆయన ఒంటికి పడదు, అంతే. ఇంక పనంటారా, వేలూరు మొదలు తిరుపత్తూరు దాకా ఆయన కట్టిన ఇండ్లు ఉండాయి. ఒక్క గోడ బీటలిచ్చింది లేదు, ఒక్క నీళ్ళ తొట్టి కారింది లేదు. ఆ సంగతి ఇంకొకరు చెప్పే దాకా ఆగకుండా ఆయనే చెప్పుకుంటాడు, అది వేరే మాట. మొత్తానికి పెరియసామికి ఉండే గర్వాలు రెండు. ఒకటి నోరు, ఇంకొకటి చెయ్యి. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే రోజు వస్తాదని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజును తెచ్చింది ఆయన అక్క సరసమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే పెరియసామిని చంకనేసుకొని పెంచింది ఈ అక్కే. గుడియాత్తం దాటినాక ఒక పల్లెలో కాపురం. మొగుడు అరుణాచలం పాడావులు పెట్టుకొని గుడియాత్తం హోటళ్ళకు పాలు పోస్తాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లో పిడకల పొయ్యి. ఆ పొగలో ఇన్నేండ్లు కూసోని కూసోని సరసమ్మ కండ్లు ఎప్పుడు చూసినా ఎర్రగా, నీళ్ళు కారతా ఉంటాయి. "నేను ఏడస్తా ఉండానో, పొగకు కారతా ఉండాయో కట్టుకున్నోడికి కూడా తెలీదు" అని ఆమె నవ్వతా అనేది.

ఆ ఏడు ఎండలు ముదరక ముందు, మాసి నెల్లో కండ్లు చూపించుకునేదానికి ఆమె వేలూరుకు వచ్చింది. పొగన్నా ఒదులుకో, చూపన్నా ఒదులుకో అని చెప్పి పంపించినారు డాక్టరు. ఆమె నేరుగా తమ్ముడింటికి వచ్చి కూసుంది. పెరియసామి పెండ్లాం కాళియమ్మ కాఫీ ఇచ్చింది. కాళియమ్మ కూడా మొగుడితోనే పనికి పోతాది, సిమెంటు మాలు కలిపేది, ఇటుక అందించేది ఆమే.

"ఒరే తమ్ముడా, పేడ గ్యాసు అంట. ఆవుపేడ తొట్లో పోస్తే గ్యాసు వస్తాదంట, పొయ్యి మండతాదంట, పొగే రాదంట. పంచాయతీ యూనియన్ ఆఫీసులో ఒక సారు చెప్పినాడు. దానికి నేలలో గుమ్మటం కట్టాలంట. నువ్వే కట్టాల" అనింది సరసమ్మ.

పెరియసామికి నవ్వాగలేదు. "అక్కా, పేడ నుంచి వచ్చేది వాసన. దానికి గుమ్మటం కట్టి దాచిపెట్టుకుంటావా? ఇట్లాంటివి నేను రోజుకు పది వింటా ఉండాను పేపర్లో. అంతా పుక్కిటి పురాణం."

"నీ నోటిని ఈడనే పెట్టుకో. చెయ్యిని మాత్రం నాతో పంపించు" అనింది సరసమ్మ. "వైకాసి నెల ఒకటో తేదీ గంగమ్మ సిరసు పండక్కి చుట్టాలందరికీ దాని మీదే వండి పెడతానని చెప్పేసినాను. నా కండ్ల సంగతి నీకు తెల్సు. ఇంక నీ ఇష్టం."

అక్క అట్లా అన్నాక పెరియసామి సరే అనాల్సి వచ్చింది. మర్నాడు టీ అంగడిలో ఈ సంగతి తెలిసి అందరూ ఆయన మీద పడినారు. అందరికన్నా ముందు ఏసుదాసు. ఏసుదాసు కూడా మేస్త్రీయే, పెరియసామికి చిన్నప్పటి జతగాడు.

"యోచన చేసినావా మేస్త్రీ? గ్యాసు వస్తే నీ నోరు అబద్ధం. రాకపోతే గుమ్మటం కారిందంటారు, నీ చెయ్యి అబద్ధం. ఎట్లా తప్పించుకుంటావు?" అన్నాడు ఏసుదాసు.

పెరియసామి గ్లాసు కింద పెట్టినాడు. "గ్యాసు రాదు. ఒకేళ వచ్చిందనుకో, నేను కట్టిన గుమ్మటంలో నుంచి చీమ కూడా బయటికి పోదు. వచ్చిందంటే ఇంక ఈ బెంచీ మీద పేపరు గురించి ఒక్క మాట మాట్లాడను. నోరు మూసుకొని టీ తాగి పోతా. చాలా?"

"అంత పని చెయ్యొద్దప్పా, నా యాపారం పోతాది" అన్నాడు వేణుగోపాల్. అందరూ నవ్వినారు గానీ మాట మాటే.

ఆఫీసు సారు పేరు జానకిరామన్. మొపెడ్ మీద వచ్చినాడు, చంకలో చుట్టిన పటం. గుండ్రంగా గుంత తవ్వించి, లోపల ఇటుకతో బోర్లించిన చట్టి మాదిరి గుమ్మటం ఎట్లా లేపాలో చూపించినాడు. పైన నెత్తిన మనిషి దిగేంత మెడ, దానికి మూత, మూతలో ఒక పైపు, దాంట్లో నుంచి పొయ్యికి గ్యాసు. ఒక పక్క పేడ కలిపి పోసే తొట్టి, ఇంకో పక్క పేడనీళ్ళు బయటికి వచ్చే తొట్టి.

"పనంతా లోపలి పూతలోనే ఉండాది మేస్త్రీ. సూదిమొన అంత సందు ఉన్నా గ్యాసు నిలవదు" అన్నాడు.

"చూస్తాం సార్" అన్నాడు పెరియసామి, గ్యాసు మాట వచ్చినప్పుడల్లా కాళియమ్మ దిక్కు కన్నుగీటతా.

అయితే పని మొదలయినాక ఒక వింత జరిగింది. పెరియసామి పుట్టి బుద్ధెరిగినాక గోడలు కట్టినాడు, స్తంభాలు లేపినాడు గానీ గుమ్మటం కట్టలేదు. కింద ఆధారం లేకుండా ఇటుక ఇటుకకూ ఆనుకొని, వరస వరసకూ లోపలికి ఒంగతా, పైకి పొయ్యే కొద్దీ మూసుకుంటా వస్తా ఉంటే ఆయనకు అన్నం మీద కూడా ధ్యాస పోయింది. ఇది పనికిరాదు అని నోటితో చెప్తానే, చేత్తో ఆ గుండ్రాన్ని తడిమి తడిమి చూసుకునేవాడు.

"మన పెండ్లప్పుడు కూడా నన్ను అట్లా చూళ్ళేదు మామా నువ్వు" అనింది కాళియమ్మ మాలు తట్ట అందిస్తా.

పల్లెలో అందరూ వచ్చి చూసినారు. చంటిబిడ్డల్ని ఎత్తుకొని వచ్చినారు, పక్కూళ్ళ నుంచి వచ్చినారు. ఏం పనితనమప్పా, కోడిగుడ్డు పెట్టినట్టు ఉండాదే అని ముక్కున వేలేసుకున్నారు. పెరియసామికి సంతోషంగానే ఉన్నింది గానీ, మనసులో ఒక మూల పీకతా ఉండింది. ఇన్ని కండ్లు పడతా ఉండాయే అక్కింటి మీద అని.

ఇక్కడ మేస్త్రీల ఆచారం ఒకటి చెప్పాల. పెరియసామి నాయన ఆయనకు తాపీ చేతికిచ్చిన రోజే నేర్పించినాడు. ఏ కట్టడమయినా నిండుగా ముగించగూడదు, యాడో ఒక చోట అరచేయంత జాగా పూత లేకుండా ఇటుక కనబడేటట్టు ఒదిలిపెట్టాల. అట్లా వదిలితే దిష్టి ఆ జాగా మీద పడి పోతాది, ఇంటోళ్ళ మీద పడదు. పెరియసామి ప్రతి ఇంట్లోనూ వదిలినాడు. అటక మీద ఒక మూల, నీళ్ళ తొట్టి బయట ఎనకపక్క, ఎవురికీ కనబడని చోట. పేపర్లో వచ్చే సంగతికి వెయ్యి ప్రశ్నలేసే మనిషి దీనికి మాత్రం ఎప్పుడూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నాయన చెప్పినాడు, అంతే.

ఆఖరి పూత అయిన సాయంత్రం జానకిరామన్ టార్చ్ లైటు ఏసి లోపలంతా చూసి, భేష్ మేస్త్రీ అని చెప్పి మొపెడ్ ఎక్కినాడు. ఆయన అటు పోంగానే పెరియసామి తాపీ తీసుకొని మళ్ళీ లోపలికి దిగినాడు. గుమ్మటం మెడ కింద, పచ్చిగా ఉండే పూతను అరచేయంత మేర ఇటుక కనబడే దాకా గీకేసినాడు.

పై నుంచి కాళియమ్మ చూసింది. "సూదిమొన అంత కూడా ఉండగూడదని సారు చెప్పినాడు కదా మామా?"

"రాని గ్యాసు యాడ నుంచి పోతాది కాళీ?" అన్నాడు పెరియసామి. "గ్యాసు వస్తాదో రాదో గానీ దిష్టి మాత్రం వచ్చి తీరతాది. మా అక్క ఇల్లు ఇది."

కాళియమ్మకు అది సబబుగానే తోచింది. ఆమె కూడా మేస్త్రీ కూతురే కదా.

తర్వాత గుంత నిండా పేడ కావాల. సరసమ్మ ఆవులు ఒకటే చాలవు. ఊరు ఊరంతా గంపలతో పేడ మోసింది. ఆ నెల ఆ పల్లెలో ఒక్క గుమ్మం ముందర కూడా కలాపి చల్లేదానికి పేడ మిగల్లేదు. గుమ్మటం పైన మన్ను కప్పినారు. మెడకు మూత ఏసి పైపు గట్టిగా బిగించినారు. ఇంక సిరసు పండగ కోసం కాసుక్కూసున్నారు.

వైకాసి ఒకటి వచ్చింది. గుడియాత్తంలో గంగమ్మ తల, అదే సిరసు, ఊరేగతా ఉంటే దోవ పొడుగునా టెంకాయలు కొట్టి కొట్టి వీధంతా నీళ్ళు పారినాయి. ఆ జనంలో తడిసి, మొక్కులు తీర్చుకొని, చుట్టాలంతా సరసమ్మ ఇంటికి చేరినారు. వేలూరు నుంచి ఏసుదాసు, వేణుగోపాల్ కూడా అంగడి మూసి వచ్చినారు, ఈ తీర్పు కండ్లారా చూడాలని. కొత్త గ్యాసు పొయ్యికి పసుపు రాసి, కుంకం పెట్టి, కొత్త పాలగిన్నె ఎక్కించి సరసమ్మ దండం పెట్టుకుంది. అరుణాచలం గ్యాసు తిరుగుడు తిప్పినాడు. సరసమ్మ అగ్గిపుల్ల గీసింది.

ఏమీ లేదు. పుల్ల కాలి వేలు చురుక్కుమనింది గానీ పొయ్యి అంటుకోలేదు. ఇంకొకటి గీసింది. మళ్ళీ ఇంకొకటి. జానకిరామన్ చెమటలు తుడుచుకుంటా పైపు చూసినాడు, తిరుగుడు చూసినాడు. గుడియాత్తం అగ్గిపెట్టె ఒకటి ఖాళీ అయింది. ఎవురో కిసుక్కుమన్నారు. "పెరియసామి ముందే చెప్పలే?" అన్నారు ఇంకెవురో. అంతే, అందరూ ఆయన దిక్కు తిరిగి, వీపు తట్టి, నీ మాటకు తిరుగులేదప్పా అని మొదలుపెట్టినారు. ఆఖరికి ఏసుదాసు కూడా ఒప్పుకున్నాడు, గుమ్మటంలో తప్పెట్లా ఉంటాది, ఆ పనితనం మనం చూళ్ళేదా, తప్పంతా పేడదే అని. నోరూ గెలిచింది, చెయ్యీ గెలిచింది. పెరియసామి మీసం దువ్వుకున్నాడు.

సరసమ్మ పాలగిన్నె దించి, పెరట్లో పాత పొయ్యికాడికి పోయి పిడకలు రాజేసింది. అంతమంది చుట్టాలకు ఆ పొగలోనే వండింది. మొదటి ఆకు తమ్ముడికే ఏసింది. పాయసం పోసేదానికి ఒంగినప్పుడు ఆమె కండ్లు చింతనిప్పుల్లా ఉండాయి, చెంపల మీద నీళ్ళు కారతా ఉండాయి.

"నువ్వు చెప్పిందే నిజమయింది నాయనా. నేనే తెలీకుండా ఆశపడినాను" అనింది మెల్లిగా. "నీ కట్టడంలో మాత్రం ఏ తప్పూ లేదు. ఎవురన్నా అంటే నేనూరుకుంటానా?"

పెరియసామి పాయసం ముట్టలేదు. పక్కనే వడ్డిస్తా ఉండే కాళియమ్మ ఆయన్ని ఒక్క చూపు చూసి, గరిటె తీసుకొని పక్క పంక్తికి పోయింది.

మర్నాటి నుంచి తోటపాళెంలో ఆయనకు రాజభోగం. వేణుగోపాల్ అడగకుండానే మీగడేసి టీ ఇచ్చినాడు, వడ పక్కన పెట్టినాడు. పేపర్లో ఏదొచ్చినా అందరూ ఆయన మొగం చూసేది. పెరియసామి ఏదో ఒకటి అనేవాడు, వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనకు మాత్రం ఆ నవ్వు చెవికి ఎక్కేది కాదు. అక్క కండ్లే గుర్తుకొచ్చేవి. కొన్ని రోజులకు టీ కూడా చేదెక్కింది. ఇంట్లో కాళియమ్మ ఒక్క మాట అడగదు. అడిగినా బాగుండు అనిపించింది ఆయనకు.

ఆవుల కొట్టం పైకప్పు సరిచేస్తానని సాకు చెప్పి ఒక రోజు పెరియసామి పల్లెకు పోయినాడు. అరుణాచలం పాలు పోసేదానికి పోయినాడు, సరసమ్మ పెరట్లో వంటకాడ ఉండాది. మధ్యాన్నం ఉన్నట్టుండి మబ్బేసి ఎండాకాలం వాన ఒకటి దబదబా కొట్టింది. పెరియసామి కొట్టం చూరు కింద నిలబడినాడు. ఎదురుగా గుమ్మటం మీద కప్పిన మన్ను అక్కడక్కడా కుంగి నీళ్ళు నిలిచినాయి. వాన తగ్గింది. నీళ్ళు తేటపడినాయి. అప్పుడు చూసినాడు.

ఒక మడుగులో బుడగలు లేస్తా ఉండాయి. వాన నిలిచిపోయినా అవి నిలవలేదు. బుడుక్కు బుడుక్కు మని ఒకదాని ఎనక ఒకటి. పంచరు అంగడిలో ట్యూబు నీళ్ళలో ముంచితే ఎట్లా వస్తాయో అట్లా. పెరియసామి దగ్గిరికి పోయి కూసోని చూసినాడు. పైపు నుంచి ఎంత దూరమో లెక్కేసుకున్నాడు. అక్కర్లేదు గానీ చేయి చాచి మడుగు పైన పెట్టి చూసినాడు. సరిగ్గా అరచేయంత జాగాలో లేస్తా ఉండాయి.

చూరులో పెట్టిన అగ్గిపెట్టె తీసి పుల్ల గీసి, భయపడతా భయపడతా బుడగ మీద పెట్టినాడు. టప్పుమని నీలంగా ఒక మంట లేచి ఆరిపోయింది. పెరియసామి ఎనక్కి పడి, బురదలో కూలబడినాడు. మళ్ళీ గీసినాడు. మళ్ళీ లేచింది. పోతా ఉండాదంటే వచ్చినట్టే కదా, ఇన్నాళ్ళూ వస్తానే ఉండింది కదా అని ఆయన నోట్లో నోట్లో అనుకున్నాడు.

చుట్టూ చూసినాడు. ఎవురూ లేరు. మన్ను ఒక గంపెడు తెచ్చి ఆ మడుగు మీద పోస్తే చాలు, వేలూరులో ఆయన రాజ్యం ఆయనకే ఉంటాది. ఆ ఆలోచన వచ్చింది, లేదనగూడదు. సరిగ్గా అప్పుడే పెరట్లో నుంచి సరసమ్మ దగ్గింది. తడిసిన పిడకలు ఊరికే మండుతాయా, పొగ మబ్బు మాదిరి లేస్తా ఉండాది. పెరియసామి బురద పంచెతోనే లేచి పెరట్లోకి పోయినాడు.

"అక్కా, గ్యాసు వస్తా ఉండాది. వచ్చేదాన్ని నేనే పోగొడతా ఉండాను."

సరసమ్మ ఊదుగొట్టం దించి చూసింది. ఆయన అంతా చెప్పినాడు. గీకింది చెప్పినాడు, రాని గ్యాసు యాడ నుంచి పోతాదని తను అన్న మాట కూడా చెప్పినాడు. తల ఎత్తలేదు.

ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టి అడిగింది, "దిష్టికా?"

"ఊరంతా వచ్చి చూస్తా ఉన్నిందక్కా. నీ ఇంటికి తగలగూడదని."

సరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలతా ఉండాయి. "ఏడవద్దక్కా" అన్నాడు పెరియసామి.

"ఏడుపు కాదురా పిచ్చోడా, నవ్వు" అని ఆమె కొంగు తీసింది. నిజంగానే నవ్వతా ఉండాది, పొయ్యి పక్క గోడకు ఆనుకొని, కండ్లల్లో నీళ్ళొచ్చేటట్టు. "లోకంలో దేన్నీ నమ్మనోడివి, ఈ అక్క మీద దిష్టిని మాత్రం నమ్మినావే. పో, పోయి కాళ్ళు కడుక్కోని రా, అన్నం పెడతా."

ఆ మాటతో ఆయన మనసు మీద ఉండే రాయి దిగిపోయింది. దిగిపోయిన రాయి నేరుగా తోటపాళెంలో పడింది. మర్నాడు టీ అంగడిలో ఆయన నిలబడి, కూసోకుండా, జరిగిందంతా తన నోటితోనే చెప్పినాడు. బెంచీల మీద లేచిన నవ్వుకు వీధిలో పొయ్యే సైకిళ్ళు నిలిచినాయి.

"పేడంతా తోడి మళ్ళీ పూయాల. నేనొక్కణ్ణే తోడుకుంటా" అన్నాడు పెరియసామి.

"నువ్వొక్కడివే తోడితే చూసేదెవురు?" అన్నాడు ఏసుదాసు.

ఆదివారం మేస్త్రీలంతా బస్సెక్కి వచ్చేసినారు. జానకిరామన్ ముందే పైపు, మూత ఊడదీయించి, పొద్దు పొద్దున్నే గట్టిగా చెప్పినాడు, పై నుంచే తోడాల, ఎవురూ లోపలికి దిగగూడదు, బీడీ వెలిగించగూడదు అని. బకెట్లకు తాళ్ళు కట్టి వరసగా నిలబడి తోడినారు. మోకాళ్ళ దాకా పేడ, మీసాల దాకా పేడ. ఏసుదాసు జారి పడితే వాణ్ణి లేపబోయి ఇంకో ఇద్దరు పడినారు. పల్లె ఆడోళ్ళు గోడల మీద కూసోని చూసి, ఎవురు ఎవురో గుర్తుపట్టలేక పేర్లు పెట్టి పిలిచి చూసినారు. కాళియమ్మ అందరికీ మజ్జిగ పోస్తా, "మా ఆయన చేసిన పుణ్యం, కడుపునిండా తాగండి" అనింది. ఆ సాయంత్రం పాడావులన్నీ ఒక పక్క, మేస్త్రీలంతా ఒక పక్క ఒకే బోరు కింద స్నానాలు చేసినారు.

గుంత మూత తెరిచే ఉంచి రోజుల తరబడి గాలికి ఆరబెట్టినాక, జానకిరామన్ సరే అన్నాక, పెరియసామి లోపలికి దిగినాడు. అరచేయంత జాగాను చూసినాడు. నాయన గుర్తుకొచ్చినాడు. "నాయనా, ఈ ఒక్కటీ నిండుగా ముగిస్తా ఉండాను, కోపం చేసుకోవద్దు" అని మనసులో చెప్పుకొని పూత ఏసినాడు. మీద ఇంకో పూత, దాని మీద సిమెంటు పాలు. ఏసుదాసు లోపలికి దిగి, చేత్తో తడిమి, చెవి పెట్టి విని, ఇంక పైకి రా అన్నాడు.

మళ్ళీ గంపలు, మళ్ళీ పేడ. ఆడి నెల గాలి మొదలయినాక ఒక మంచి రోజు చూసి సరసమ్మ అగ్గిపుల్ల గీసింది. బుస్సుమని పొయ్యి చుట్టూ నీలం మంట విచ్చుకుంది. అందరూ ఒంగి దాన్నే చూస్తా ఉండారు. పాలు పొంగినాయి. తర్వాత అన్నం ఉడికింది, పప్పు ఉడికింది. సరసమ్మ పొయ్యి ముందరే పీట ఏసుకొని కూసుంది. కండ్లు పొడిగా ఉండాయి. అరుణాచలం గుమ్మంలో నిలబడి పెండ్లాన్ని చూసి చూసి, "ఇన్నేండ్లకు నీ మొగం సరిగ్గా కనబడతా ఉండాది" అన్నాడు. ఆ మనిషి అంత పొడుగు మాట మాట్లాడగా ఎవురూ విన్లేదు.

"అంతా బాగుండాది గానీ వదినా, ఈసారి జాగా కూడా ఒదల్లేదు. దిష్టికి ఒక నల్లచుక్కన్నా పెట్టాల కదా గుమ్మటానికి" అనింది కాళియమ్మ.

అవునే అని సరసమ్మ పాలగిన్నె తీసుకొని బోర్లించింది, అడుగున మసి గీకేదానికి. గిన్నె అడుగు తళతళ మెరస్తా ఉండాది. అన్నం గిన్నె తిప్పింది. అదీ అంతే. పప్పు గిన్నె తిప్పింది. ఇంటిల్లిపాదీ ఆ తెల్లటి అడుగుల్ని చూస్తా నిలబడినారు. పెరియసామి ఒక గిన్నె చేతిలోకి తీసుకొని వేలితో రుద్దినాడు, వేలు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

సరసమ్మ లేచి పెరట్లో పాత పొయ్యికాడికి పోయింది. ఆ గోడకు పట్టిన పాత మసిని వేలితో తీసుకొని వచ్చింది. అందరూ గుమ్మటం దిక్కు దోవ ఇచ్చినారు. ఆమె ఆ దిక్కు పోలేదు. తమ్ముడి కుడిచెయ్యి పట్టుకొని, వేళ్ళు విప్పి, అరచేయి నడిమధ్యన చుక్క పెట్టింది.

"దిష్టి తగిలితే దీనికి కదా తగిలేది" అనింది.

పెరియసామి చెయ్యి అట్లాగే తెరిచి పెట్టుకోని నిలబడినాడు.

మర్నాడు తోటపాళెంలో వేణుగోపాల్ టీ ఇచ్చినాడు. పెరియసామి ఎడమచేత్తో అందుకొని బెంచీ మీద కూసున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం నోరు మూసుకున్నాడు. సముద్రం అలల నుంచి కరెంటు తీస్తారంట, కడలిలో తొట్టి కడతారంట అని వేణుగోపాల్ చదివినాడు. అందరూ ఆయన దిక్కు చూసినారు. ఆయన టీ ఊదుకుంటా ఉండాడు. నవ్వు లేక టీ ఎవురికీ దిగలేదు.

"ఎడమచేత్తో తాగతా ఉండావేమప్పా?" అన్నాడు ఏసుదాసు.

పెరియసామి కుడి అరచేయి విప్పి చూపించినాడు. "అక్క పెట్టింది. చెరిగిపోతే ఊరుకోదు."

"పేపరు గురించి మాట్లాడనంటివి, సరే. పేపరు వద్దు. అలల గురించన్నా ఒక్క మాట చెప్పప్పా" అన్నాడు వేణుగోపాల్ బతిమాలతా.

పెరియసామి గ్లాసు కింద పెట్టినాడు.

"ఆ తొట్టి కట్టే మేస్త్రీ ఎవురో కనుక్కో" అన్నాడు. "దిష్టికని జాగా ఒదలొద్దని నేను చెప్పినానని చెప్పు."